ఎడమ పక్క జిప్పు

పన్నెండవ భాగం

"ఎవరు చేశారిది?"

ఆ ఇంట్లో ఉన్నదే ముగ్గురు మనుషులు. ఒకడికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఇంకొకరు అడుగుతున్న లోర్నాయే. మిగిలింది ఎవరో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. అయినా లోర్నా అడిగింది. వంటింట్లోకి వినపడేలా, గట్టిగానే అడిగింది.

స్కార్‌బరో నుంచి మొదటి రైలు పట్టుకుని వచ్చి ఇంకా కోటు కూడా విప్పలేదు. నాన్న కంటి ఆపరేషనుకని వెళ్ళింది రెండే రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో కుట్టుగది బల్ల మీద కొంప మునిగింది.

బల్ల మీద ముదురు నీలం ఉన్ని ప్యాంట్లు వరసగా, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి ఉన్నాయి. నడుం ఎత్తు, కాళ్ళు వెడల్పు, అన్నీ అనుకున్నట్టే. ఒక్కటి తప్ప. ప్రతి ప్యాంటుకీ బొడ్డు కింద నుంచి నిటారుగా ముందు జిప్పు. ఎడమ పక్క కుట్టు మాత్రం నడుం దాకా మూసుకుపోయి ఉంది.

"నేనే చేశాను." అత్తగారు డోరీన్ టీ కప్పుతో గుమ్మంలోకి వచ్చింది. "ఇంకెవరు చేస్తారు, పిల్లి చేస్తుందా?"

"ఎడమ పక్క ఎనిమిది అంగుళాలు వదిలెయ్యమన్నాను కదా అత్తయ్యా! సుద్దతో గీత గీసి మరీ వెళ్ళాను."

"గీత చూశాను."

"చూసి?"

"చూసి కుట్టేశాను."

గది మూల రొట్టె ముక్క నములుతున్న ఆమె భర్త క్రెయిగ్ లేచాడు. అతను బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎంత రద్దీనైనా దాటించగలడు కానీ, తల్లికీ పెళ్ళానికీ మధ్య నుంచి మాత్రం పెళ్ళైన పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా క్షేమంగా బయటపడలేదు.

"నాకు టైమైంది," అన్నాడు.

"నీకు ఇంకా అరగంట ఉంది," అన్నారు ఆడవాళ్ళిద్దరూ ఒకేసారి.

కూర్చున్నాడు.

"అత్తయ్యా, ఇవి పంతొమ్మిది వందల నలభై రెండులో, యుద్ధం రోజుల నాటి తరహా ప్యాంట్లు. ఫ్యాక్టరీలో లేతు మిషన్ల దగ్గర పనిచేసిన ఆడవాళ్ళవి. ఆ రోజుల్లో ముందు తెరుపు మగాళ్ళది. ఆడవాళ్ళకి ఎడమ పక్కనే. నాటకానికి అదే కావాలని నాటక సంఘం ఓర్మరాడ్ గారు నాకు నాలుగు సార్లు చెప్పింది. మీకూ ఆ మాట చెప్పాను!"

"ఇప్పుడు లోకంలో ఆడాళ్ళందరూ ముందు జిప్పు ప్యాంట్లే వేసుకుంటున్నారు. నువ్వు వేసుకున్నదీ అదేగా. ఏం, కొంప మునిగిందా?"

లోర్నా తన జీన్స్ వంక చూసుకుంది. ఒళ్ళు మండిపోయింది. అత్తగారు ఎప్పుడూ ఇంతే, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటుంది. పైగా ఆ మూడు కాళ్ళనీ తెచ్చి మన ఒళ్ళోనే పెడుతుంది.

"సరే, ముందే వేశారు. వేసినవాళ్ళు ఎటు వేశారో చూశారా?" లోర్నా ఒక ప్యాంటు తీసి అత్తగారి ముఖం మీదకి చాచింది. "పట్టీ ఎడమ నుంచి కుడి మీదకొచ్చింది. మగాళ్ళ పద్ధతి! ఆడదాని ప్యాంటుకి ముందు జిప్పు వేయడమే ఒక తప్పు. అందులోనూ మగాడి జిప్పు!"

డోరీన్ కప్పు కింద పెట్టింది. ప్యాంటు అందుకుని ఆ పట్టీని వేలితో ఎత్తి చూసింది. రెండోది తీసి చూసింది. మూడోది చూసింది. ఆ సంగతి ఆవిడ అప్పుడే గమనించిందని లోర్నాకు అర్థమైంది. ఇరవై తొమ్మిదేళ్ళు లీడ్స్‌లో మగాళ్ళ ప్యాంట్ల ఫ్యాక్టరీలో పనిచేసిన చేతులవి. మనసుని అడక్కుండానే వాటి పని అవి చేసుకుపోయాయి.

జాలి పడాల్సిన చోటే లోర్నాకు కోపం ఎక్కువైంది. ఎందుకంటే ఆమె దగ్గర ఇంకో సంగతి ఉంది, ఇంట్లో ఎవరికీ తెలియనిది. పోయిన గురువారం సూపర్‌మార్కెట్ రొట్టెల కౌంటరు ఉద్యోగానికి రాజీనామా కాగితం ఇచ్చేసి వచ్చింది. ఈ ఏడు ప్యాంట్లూ శుక్రవారం పదింటికి చేతికి అందితే, నాటక సంఘం బట్టల పని ఏడాది పొడుగునా తనకే ఇస్తానని హిలరీ ఓర్మరాడ్ మాటిచ్చింది. అందకపోతే ఆవిడకి మాంచెస్టర్‌లో అద్దె బట్టల దుకాణం ఉండనే ఉంది.

ఇవాళ బుధవారం.

"అమ్మ మంచికే చేసింది లోర్నా," అన్నాడు క్రెయిగ్, తన కప్పులోకి చూస్తూ.

"మంచికి చేస్తే ఇలా ఉంటే, చెడ్డకి చేస్తే ఎలా ఉండేదో!"

"చూశావా," అంది డోరీన్ కొడుకుతో. "నన్ను ఇంట్లో పెట్టుకున్నందుకు ఎంత బాధపడుతోందో చూశావా?"

"ఇంటి గురించి ఎవరన్నారు? నేను ప్యాంట్ల గురించి మాట్లాడుతున్నాను!"

"ఏ ప్యాంటు గురించి మాట్లాడినా చివరికి నా గురించేగా."

కిందటి చలికాలం మంచు మీద జారిపడి తుంటి విరిగినప్పటి నుంచి డోరీన్ వీళ్ళ దగ్గరే ఉంటోంది. తుంటి అతికింది. కానీ పొద్దు గడవడం మాత్రం అతకలేదు. వచ్చిన మొదటి నెల కిటికీ తెరలన్నీ విప్పి మళ్ళీ కుట్టింది. రెండో నెల క్రెయిగ్ యూనిఫారాలన్నిటికీ గుండీలు తీసి గట్టిగా కుట్టింది. ఆ తర్వాత ఈ గదిలోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది.

లోర్నా ప్యాంట్లు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"ఆరే ఉన్నాయి. ఏడోది ఏది?"

డోరీన్ కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఉతకడానికి వేశాను. టీ ఒలికింది."

"కుట్టు పూర్తికాని ఉన్ని ప్యాంటుని ఉతుకుతారా ఎవరైనా?"

క్రెయిగ్ ఈసారి నిజంగానే లేచి, తల్లి బుగ్గ మీదా పెళ్ళాం జుట్టు మీదా ఒక్కో ముద్దు పెట్టి, దొంగలా వీధిలోకి జారుకున్నాడు.

వాషింగ్ మిషన్‌లో ఏమీ లేదు. మాసిన బట్టల బుట్టలోనూ లేదు. ఇస్త్రీ బల్ల వెనక, దిండు గలీబులో చుట్టి ఉంది ఏడోది.

లోర్నా దాన్ని కిటికీ వెలుతురులో పరిచింది.

దీనికి ముందు తెరుపు లేదు. ఎడమ పక్కనే జిప్పు ఉంది. ఉంది అనకూడదు, వేలాడుతోంది. తుంటి వంపు దగ్గర గుడ్డ పాము నడిచినట్టు అలలు తేలింది. ఒకసారి కుట్టి ఊడదీసిన సూది రంధ్రాలు, వాటి పక్కనే రెండోసారివి, వాటి మీదే మూడోసారివి. మూడోసారి ఊడదీసేటప్పుడు కత్తి జారినట్టుంది, అరచేతి పొడుగున గుడ్డ చిరిగిపోయింది. ఆ చిరుగుని కూడా సన్నటి కుట్లతో కలపాలని చూసి, మధ్యలో వదిలేసినట్టు దారం ఊగుతోంది.

వెనక అడుగుల చప్పుడైంది. లోర్నా తిరిగి చూడలేదు. డోరీన్ కూడా ముందుకు రాలేదు.  

అంతలో వీధి గంట మోగింది.

* * *

హిలరీ ఓర్మరాడ్ ఆరడుగుల మనిషి, అరవై దాటిన వయసు, అంగుళాల టేపు మెడలో గొలుసులా వేలాడుతూనే ఉంటుంది. నాటక సంఘంలో బట్టల వ్యవహారం అంతా ఆవిడదే. బుధవారం పదకొండింటికి ఒక ప్యాంటు చూసుకుంటానని వారం క్రితమే చెప్పింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

"ఏదీ, ఒకటి చూపించమ్మా," అంటూ తానే బల్ల మీద నుంచి తీసుకుంది. తీసుకున్న చేయి గాల్లోనే ఆగిపోయింది. "ఇదేమిటి?"

"అది..." లోర్నా గొంతు సవరించుకుంది. "వేదిక వెనక పదిహేను సెకన్లలో లంగా విప్పి ప్యాంటు తొడగాలన్నారు కదా. ముందు జిప్పైతే త్వరగా అవుతుందేమో చూద్దామని..."

అబద్ధం తన నోట్లోంచి ఎంత నున్నగా వచ్చిందో చూసి తనకే ఆశ్చర్యం వేసింది. ఎవరిని కాపాడడానికి ఆడిందో కూడా తెలియలేదు.

"పదిహేను సెకన్ల కోసమే కదమ్మా, గుండీలు పెట్టమన్న నా నోరు మూయించి పక్క జిప్పుకి ఒప్పించావు?"

"అవునండీ."

"గుండీలే సరైనవి. యుద్ధంలో జిప్పు దొరకడం గగనం. అయినా నువ్వు చెప్పావు కదా అని సరేనన్నాను. కానీ ముందు తెరుపు ఎలా కుదురుతుంది? మొదటి వరసలో కూర్చునేది ఎవరనుకున్నావు? ఆ ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కూతుళ్ళు, ఎనభై ఏళ్ళ వాళ్ళు. నాటకం బాగుందో లేదో వాళ్ళకి అక్కర్లేదు. జేబు ఎక్కడుంది, గుండీ ఎక్కడుంది, అదే చూస్తారు. మా అమ్మ ఒకసారి మా మామయ్య ప్యాంటు వేసుకుని చర్చి టీ పార్టీకి వెళ్ళింది. ముందు గుండీలు చూసి ముగ్గురు ఆడాళ్ళు చచ్చేదాకా ఆవిడతో మాట్లాడలేదు."

"మార్చేస్తానండీ. శుక్రవారం పదింటికి ఏడూ ఇస్తాను. మీకేం భయం అక్కర్లేదు."

హిలరీ తల ఊపింది. ప్యాంటుని తిరిగి బల్ల మీద పెట్టబోయి పెట్టలేదు. లోపలి వైపు తిప్పింది. జిప్పు పక్క కుట్టు మీద బొటనవేలితో పై నుంచి కిందకి, కింద నుంచి పైకి రాసింది. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది.

"ఈ చెయ్యి ఎవరిది?"

లోర్నా మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి కారణం కోపమే అని తనకు తాను చెప్పుకుంది. కోపంతో పాటు కాస్త అసూయ కూడా ఉంది, దాన్ని మాత్రం పేరు పెట్టి పిలవలేదు.

"నాదేనండీ," అంది డోరీన్ గుమ్మంలోంచి.

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"లీడ్స్‌లో. ఇరవై తొమ్మిదేళ్ళు ముందు జిప్పు బల్ల మీదే ఉన్నాను. రోజుకి రెండొందలు వేసేదాన్ని. పండగల ముందు ఇంకా ఎక్కువ."

"రెండొందల ప్యాంట్లు!"

"ప్యాంట్లు కాదండీ, జిప్పులు. మొత్తం ప్యాంటు ఎప్పుడూ కుట్టలేదు నేను. సగం ప్యాంటు నా దగ్గరికి వచ్చేది, ఇంకాస్త సగం అయి వెళ్ళిపోయేది. తర్వాత దానికి నడుం ఎవరు వేసేవారో, అంచు ఎవరు మడిచేవారో, ఎవరు తొడుక్కునేవారో... నాకేం తెలుసు." డోరీన్ ఒక్క క్షణం ఆగింది. "పక్క జిప్పు నాకు రాదండీ. అందుకే ఇలా అయింది. మా లోర్నా తప్పేం లేదు."

పొద్దున్నుంచి కోడలికి చెప్పని మాట, ముక్కూమొహం తెలియని మనిషికి ఇంత తేలిగ్గా చెప్పేసింది. లోర్నా చేతిలోని సుద్దముక్క పుటుక్కున విరిగింది.

హిలరీ ఇద్దరి వంకా చూసింది. ఇళ్ళల్లో గొడవల వాసన పట్టడంలో ఆవిడకు మంచి ముక్కుంది. అబద్ధం సంగతి ఎత్తలేదు.

"వసంతకాలంలో సైనికుల నాటకం వేస్తున్నాం," అంది డోరీన్‌తో. "ఇరవై రెండు మంది మగాళ్ళు. ఇరవై రెండు ప్యాంట్లు. ఇలా ముందు జిప్పు వేసేవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు? థియేటర్ కుట్టుగదిలోకి వస్తారా? సోమవారం నుంచి. ఆలోచించుకుని ఫోన్ చేయండి."

ఆవిడ వెళ్ళాక తలుపు మూసిన చప్పుడు ఇల్లంతా వినిపించింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది లోర్నా.

"ఏం చెప్పను?"

"రాదని! పక్క జిప్పు నాకు రాదు అని, నాలుగు మాటలు! ఆవిడకి చెప్పారు కదా. నేను పరాయిదాన్నా?"

"పరాయివాళ్ళకి చెప్పడం తేలిక, తల్లీ."

"ఈ వేదాంతం నాకొద్దు. ఆ పక్క కుట్టొద్దన్నాను కదా! జిప్పులు నేనొచ్చి వేస్తానన్నాను. తిన్నటి కుట్లు మాత్రం వేసి ఉంచమన్నాను."

"అదే అన్నావు. ఎలా అన్నావో గుర్తుందా?" డోరీన్ గొంతు పెంచలేదు. "'కళ్ళు మూసుకుని చేసే పని అత్తయ్యా, మీకు కష్టమేం ఉండదు, జిప్పు మాత్రం ముట్టుకోకండి' అన్నావు. జిప్పు ముట్టుకోవద్దని! నాతో!"

లోర్నాకు గుర్తుంది. రైలు తొందరలో, ఒక చేయి కోటులో పెట్టి అన్న మాట. అన్నప్పుడు తప్పుగా తోచలేదు. ఇప్పుడు తోస్తోంది. అయినా ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

"అందుకని నా మీద కసి తీర్చుకున్నారా?"

"కసా! పిచ్చిదానా." డోరీన్ కుర్చీలో కూలబడింది. "నువ్వు వచ్చేసరికి ఏడూ అయిపోయి ఉండాలనుకున్నా. నువ్వు తలుపు తీసి చూసి నోరు తెరవాలనుకున్నా. మొదటిది నీ పద్ధతిలోనే వేశాను. వంకర వచ్చింది. ఊడదీశాను. మళ్ళీ వంకరే. మూడోసారి ఏం జరిగిందో చూశావుగా. అప్పుడు మంగళవారం మధ్యాహ్నం అయింది. సగం పని చేసి నీకు అప్పగించమంటావా? సగం పని చేసి పక్కవాళ్ళకి తోయడం ఇరవై తొమ్మిదేళ్ళు చేశాను. ఒక్కసారైనా పూర్తి ప్యాంటు నా చేతుల మీదుగా అవ్వాలనిపించింది. నాకు వచ్చిందే వేశాను."

నోరైతే తెరిచాను లెండి, అందామనుకుంది లోర్నా. అనలేదు. అనకుండా ఆపుకున్నందుకు తనను తాను మెచ్చుకుంది కూడా. అంతలోనే గడియారం చూసింది. పన్నెండు కావస్తోంది.

* * *

దారి ఒక్కటే ఉంది. ఆరింటికీ ముందు జిప్పు ఊడదీసి, ఆ కుట్టు మూసెయ్యాలి. ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ డోరీన్ జిప్పు అడుగున గుడ్డకి చిన్న కత్తెర గాటు కూడా పెట్టింది. గాటు చిన్నదే కానీ, కాళ్ళ మధ్య వంపులో ఉంది. ఎవరైనా వంగితే చిరుగుతుంది. అక్కడ లోపలి నుంచి పట్టీ వేసి బిగించాలి. తర్వాత ఎడమ పక్క విప్పి అసలు జిప్పు వేయాలి. చిరిగిన ఏడోదానికి మిగిలిన ముక్కలోంచి ఒక్క ముందు భాగం వస్తుంది, అదీ పొదుపుగా కోస్తే. ఆ ఉన్ని నేసిన మిల్లు మూసేసి రెండేళ్ళయింది. ఇక గజం కూడా దొరకదు.

"ఊడదీయడం నేను చేస్తా," అంది డోరీన్. "నేను వేసినవేగా."

అరగంట గడిచింది. డోరీన్ ఒడిలో దారపు ముక్కలు కుప్పపడుతున్నాయి. ఆరు జిప్పులు ఊడొచ్చాయి. గుడ్డ మీద గీత కూడా పడలేదు. వేసిన చెయ్యే తీసింది మరి.

"ఒకసారి చూపించు," అంది డోరీన్ ఉన్నట్టుండి.

"ఏమిటి?"

"పక్క జిప్పు. నువ్వు ఒక్కదానివే రేపటికి ఏడు వేయలేవు. చూపించు."

లోర్నాకు టైము లేదు. ఓపిక అంతకన్నా లేదు. కానీ ఆవిడ అడిగింది. అడగడం ఆవిడకు ఎంత కష్టమో తెలుసు కాబట్టి కాదనలేకపోయింది.

"ముందు జిప్పు తిన్నటి గీత. ఇది తుంటి వంపు," అంది గుడ్డని బల్ల మీద పరుస్తూ. "జిప్పు వంగదు, గుడ్డ వంగుతుంది. అందుకని గుడ్డని కొంచెం వదులుగా, జిప్పు మీదకి కూర్చినట్టు పెట్టాలి. ముందు చేత్తో కచ్చా కుట్టు. తర్వాతే మిషను."

"కచ్చా కుట్టా? ఫ్యాక్టరీలో కచ్చా కుట్టు వేస్తే పైవాడు నవ్వేవాడు."

"ఇక్కడ పైవాడు లేడు."

"ఎందుకు లేడు, ఎదురుగా నిలబడి ఉంటేనూ," అంది డోరీన్. ఇద్దరికీ కాస్త నవ్వొచ్చింది. పొద్దున్నుంచి అదే మొదటి నవ్వు.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మిషను తిరగడం మొదలవగానే డోరీన్ ఎడమ చేయి గుడ్డని వెనక్కి పట్టి లాగింది. కుడి చేయి ముందుకి లాగింది.

"లాగకండి అత్తయ్యా."

"లాగట్లేదు."

"లాగుతున్నారు. వదలండి. గుడ్డని దాని మానాన పోనివ్వండి."

"వదిలితే వంకర పోతుంది."

"లాగితేనే పోతోంది! చూడండి, మళ్ళీ!"

"నువ్వు నెత్తి మీద నిలబడితే నాకు చెయ్యి ఆడదు!"

"నిలబడకపోతే గుడ్డ చిరుగుతుంది!"

మిషను ఆగింది. డోరీన్ కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురింటి గోడ మీద తడి తప్ప చూడ్డానికేం లేదు. లోర్నా నుదురు రుద్దుకుంది. ఆ చేతులకి చెప్పి ప్రయోజనం లేదు. బిగించి పట్టి పరుగెత్తించడమే వాటికి తెలుసు. ఇన్నేళ్ళు వాటికి కూలి ఇచ్చింది అందుకే. ఇప్పుడు వదలండి అంటే అవి ఎలా వదుల్తాయి?

"ఇంకోసారి," అంది డోరీన్, మళ్ళీ మిషను మీదకి వంగి.

ఈసారి లోర్నా పక్కకి తప్పుకుని, ఏడో ప్యాంటు కోయడానికి సుద్ద పట్టుకుంది. వెనక మిషను నెమ్మదిగా, నడక నేర్చుకునే పిల్లలా ఆగి ఆగి కదిలింది. ఆగినప్పుడల్లా డోరీన్ ఊపిరి వినిపించింది.

రెండు కొట్టింది గడియారం.

"నీ షిఫ్టుకి టైమైంది," అంది డోరీన్ తల ఎత్తకుండా. "నువ్వు వెళ్ళు. వచ్చేసరికి ఇది పూర్తి చేసి ఉంచుతా."

లోర్నా సుద్ద కింద పెట్టింది. మింగలేక కక్కలేక వారం రోజులు మోసింది. ఇక చేతకాలేదు.

"షిఫ్టు లేదు అత్తయ్యా. ఉద్యోగం మానేశాను."

మిషను ఆగిపోయింది.

"ఎప్పుడు?"

"పోయిన గురువారం."

"క్రెయిగ్‌కి తెలుసా?"

"లేదు."

డోరీన్ బల్ల మీద ఉన్న ప్యాంట్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూసింది. మూసీ మూయని ముందు కుట్లు, గాట్లు, దారపు ముక్కలు. అన్నిటికన్నా చివర చిరిగిన ఏడోది. 

"అంటే ఇవే ఆధారం."

"ఇవే."

"నేను ముట్టుకోకుండా ఉంటే ఈపాటికి ఏడూ అయిపోయేవి."

లోర్నా అవునని అనలేదు. కాదనీ అనలేదు. అబద్ధం ఆడే ఓపిక ఆ పూటకి అయిపోయింది.

డోరీన్ మిషను కింద నుంచి గుడ్డని తీసి, దారం కొరికి, ప్యాంటుని, చిన్నపిల్లని భుజాల దగ్గర పట్టుకున్నట్టు, రెండు చేతులా ఎత్తింది. జిప్పు వేసింది. పైకీ కిందకీ లాగి చూపించింది. జిప్పు ఆగకుండా నడిచింది.

"చెప్పు."

తుంటి వంపు దగ్గర అల ఉంది. పొద్దున దానిలా పాము నడక కాదు, సన్నటి అల, ఒక్కటే. వేదిక మీద కనపడకపోవచ్చు. మొదటి వరసకి కనపడుతుంది. బాగుంది అనేస్తే ఈ గొడవ ఇక్కడితో పోతుంది. లోర్నా నోరు తెరిచింది కూడా.

"జాలితో చెప్పకు," అంది డోరీన్. "ఫ్యాక్టరీలో ఆఖరి బల్ల దగ్గర చూసేవాళ్ళు ఉండేవారు. నచ్చకపోతే ముఖాన కొట్టేవారు. ఇరవై తొమ్మిదేళ్ళలో నాది ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. అలా చూసి చెప్పు. పని కోసం అడుగుతున్నా, మనిషి కోసం కాదు."

"ఊడదీయాలి అత్తయ్యా."

"ఊఁ."

అంతే అంది. కోప్పడలేదు, కళ్ళు తుడుచుకోలేదు. ప్యాంటుని మడతపెట్టి లోర్నా ముందు పెట్టి, కర్ర ఆసరాతో లేచి, నడవలోకి వెళ్ళింది. టెలిఫోన్ ఎత్తిన చప్పుడైంది. ఏదో కాగితం చూసి ఒక్కొక్క అంకె నొక్కుతోంది.

వెళ్ళిపోతోందన్నమాట, అనుకుంది లోర్నా. థియేటర్‌కి. పొద్దున ఆ మాట వింటే పండగ చేసుకునేది. గది తనకి మిగిలేది, ప్రశాంతంగా. ఇప్పుడు మాత్రం పండగలా అనిపించలేదు, కత్తెర అందుకుని కుర్చీలో కూలబడింది.

"ఓర్మరాడ్ గారాండీ? నేను డోరీన్. పొద్దున మాట్లాడాం... ఆఁ, ఆలోచించాను. సోమవారం నుంచి వస్తాను. ఇరవై రెండూ నేనే వేస్తాను." ఒక నిమిషం ఆగింది. "కానీ దానికి బదులు మీరు నాకొకటి చేయాలి. శుక్రవారానికి ఆ ఏడూ కావు."

లోర్నా కుర్చీలోంచి లేచింది. చేతిలో కత్తెర అలాగే ఉంది.

"కావండీ. అవుతాయని ఆ పిల్ల మీకు చెప్పింది, చచ్చీ చెడీ అవగొట్టాలని చూస్తుంది కూడా. పాడు చేసింది నేను. ఒకదాన్ని చింపేశాను కూడా, అది మీకు ఇంకా తెలీదు. సోమవారం దాకా గడువివ్వండి. మా అమ్మాయి చేతికి ఈ ఊళ్ళో ఇంకో చెయ్యి లేదు. అది నేను చెబుతున్నా, పనివాళ్ళని చూసినదాన్ని."

మా అమ్మాయి. పదకొండేళ్ళలో ఆ మాట ఆ నోట మొదటిసారి. దాన్ని విని లోర్నా సంతోషించాలో, ఆ ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టాలో తెలియలేదు. శుక్రవారం పదింటికని తాను ఇచ్చిన మాట. ఎలాగోలా, ఎంత కష్టమైనా నిలబెట్టుకునేదేమో. ఇప్పుడా మాట లేదు. మళ్ళీ తనని ఒక్క మాట అడక్కుండానే, మళ్ళీ తన మంచికే, అత్తగారు చేయాల్సింది చేసేసింది.

అవతల నుంచి ఏం వినిపిస్తోందో తెలియదు. డోరీన్ ఊఁ కొట్టడం కూడా మానేసింది. చాలాసేపు విన్నది. వింటూ వింటూ ఆవిడ రెండో చేయి గోడని పట్టుకుంది.

తర్వాత రిసీవరుని చెవి నుంచి తీసి, కోడలి వైపు చాచింది.

"నీతోనే మాట్లాడతానంటోంది," అంది. "నన్ను పక్కకి వెళ్ళమంది."